రొమ్ములో గడ్డ తగిలితే ఏమి చేయాలి? చేతి పరీక్ష నుంచి బయాప్సీ రిపోర్టు దాకా

సర్జికల్ ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న మాట ఒకటే: "నొప్పి లేదు కదా అని ఊరుకున్నానమ్మా." ఉద్యోగ విరమణ తరవాత కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పుడది ఫోనులో ప్రశ్నగా వస్తోంది. నొప్పి లేదండీ, అయినా చూపించుకోవాలా? మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించాలా, స్కాన్ సరిపోతుందా? సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందట కదా? విడివిడిగా అందరికీ చెప్పడం కన్నా వరసగా రాసిపెట్టడం మేలనిపించింది.

గడ్డ ఇప్పటికే చేతికి తగిలినవాళ్లు మొదటి మూడు మెట్లూ వదిలేసి నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు.

ముందు కొంచెం లెక్క

భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది సుమారు 98,000 మంది దీనితో చనిపోయారు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. జబ్బు మందుకు లొంగనిది కావడం కాదు, మనం ఆసుపత్రి మెట్లెక్కేసరికి అది ముదిరిపోవడమే ఎక్కువ. నేను చూసినంతలో ఆ ఆలస్యం గడ్డను కనిపెట్టడంలో జరగదు. స్నానం చేస్తూ ఆమే కనిపెడుతుంది. అక్కడి నుంచి సూది పరీక్ష దాకా వెళ్లడానికే నెలలు పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగం ఆ సూది పరీక్ష, అంటే గడ్డలోంచి ముక్క తీసి చూసే బయాప్సీ చుట్టూ తిరుగుతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ? వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. తల్లికి, అక్కచెల్లెళ్లకు, కూతురికి వచ్చి ఉంటే ఎక్కువ. పన్నెండేళ్లలోపే పుష్పవతి అయినవారికి, 55 దాటాక ముట్లు ఆగినవారికి, పిల్లలు లేనివారికి, మొదటి కాన్పు 30 తరవాత అయినవారికి కొంత ఎక్కువ. ముట్లు ఆగాక బరువు పెరగడం, మద్యం, ఏళ్లతరబడి వాడే హార్మోను మాత్రలు ముప్పును పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం కొంత తగ్గిస్తుంది. నల్ల బ్రా, జాకెట్టులో పెట్టుకున్న ఫోను, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్ల వస్తుందన్నవి వట్టి మాటలు. దెబ్బ తగిలినప్పుడు చెయ్యి అక్కడికి పోతుంది, అప్పటికే ఉన్న గడ్డ తగులుతుంది, అంతే.

ఈ జాబితాలో ఒక్కటీ లేనివాళ్లకు కూడా వస్తుంది. "మా వంశంలో ఎవరికీ లేదు" అన్నది గడ్డకు జవాబు కాదు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. వంశం లెక్క చూసేటప్పుడు అమ్మ పుట్టింటివైపు చూసి ఊరుకోకండి. నాన్న తల్లి, మేనత్తలు కూడా లెక్కలోకి వస్తారు. చాలామంది అమ్మవైపే చెబుతారు.

మగవాళ్లకూ వస్తుంది, నూరు కేసుల్లో ఒకటి దాకా. ఇంట్లో మగవాళ్లకు చనుమొన కింద గట్టిగా ఏదైనా తగిలితే నవ్వి వదిలేయకండి.

కావలసినవి

– వెలుతురున్న గది, నడుము దాకా కనిపించే అద్దం, లోపలి నుంచి గడియ.
– ఒక మడతపెట్టిన తువ్వాలు.
– క్యాలెండరు, పెన్ను.
– పాలిథిన్ ఫైలు ఒకటి. పది రూపాయల ఫైలు. దీని విలువ తరవాత తెలుస్తుంది.
– ఆధార్, రేషన్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సులు.
– ఒక తోడు. అక్క కావచ్చు, పక్కింటామె కావచ్చు. భర్తకు చెప్పడానికి జంకుతున్నట్లయితే ముందు ఈమెకు చెప్పండి. గడ్డ సంగతి ఒక్కరికైనా తెలిస్తే అది ఇక దాగదు.

1. రోజు ఎంచుకోండి

ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10వ రోజు మధ్య చూసుకోండి. ముట్టుకు ముందు వారం రొమ్ములు బరువెక్కి, ముట్టుకుంటే నొప్పిగా, గింజలు గింజలుగా ఉంటాయి. ఆ వారంలో చూసుకుని హడలిపోయినవాళ్లు ఎందరో. ముట్లు ఆగినవారు, గర్భసంచి తీయించుకున్నవారు నెలలో ఒక తేదీ పెట్టుకోండి. పాలిచ్చే తల్లులు బిడ్డకు పాలిచ్చాక, రొమ్ము తేలికైనప్పుడు చూసుకోవాలి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. నెలనెలా సొంతంగా పరీక్షించుకుంటే చావులు తగ్గుతాయా అని చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది స్త్రీల మీద పెద్ద అధ్యయనం చేశారు. ఫలితం 2002లో వచ్చింది. నేర్పినవారిలోనూ నేర్పనివారిలోనూ మరణాలు ఒకేలా ఉన్నాయి. నేర్పినవారిలో అనవసర బయాప్సీలు మాత్రం పెరిగాయి. మరెందుకు చూసుకోవడం? మామోగ్రామ్ అందుబాటులో ఉన్న ఊళ్లు మనకు కొన్నే. మీ రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో మీ చేతికి తెలిసి ఉంటే, కొత్తగా ఏదైనా వచ్చినప్పుడు పోల్చుకోగలుగుతారు. అంతవరకే దీని పని. తప్పనిసరి వ్రతంలా చేయనక్కరలేదు. ఒక నెల మరచిపోతే పాపమేమీ లేదు. ఇది వైద్యుల పరీక్షకు బదులు కాదన్నది మాత్రం గుర్తుండాలి.

2. అద్దం ముందు చూపు

నడుము పైన బట్టలు తీసి మూడు భంగిమల్లో చూడండి: చేతులు కిందికి వదిలి, చేతులు పైకెత్తి, నడుము మీద చేతులుంచి గట్టిగా నొక్కుతూ. మూడోది చాలామంది వదిలేస్తారు. ఛాతీ కండరం బిగిసినప్పుడే కొన్ని సొట్టలు బయటపడతాయి.

వెతకవలసినవి: చర్మం ఒకచోట లోపలికి లాగినట్టు సొట్ట, నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు పడి చర్మం దళసరి కావడం, ఇన్నాళ్లూ బయటికి ఉన్న చనుమొన లోపలికి పోవడం, చనుమొన మీద మానని పుండు, పొక్కు, గజ్జిలాంటిది, ఒకవైపే ఎర్రబడి వాయడం. చిన్నప్పటి నుంచీ చనుమొన లోపలికే ఉంటే, ఒక రొమ్ము రెండోదానికన్నా మొదటి నుంచీ కాస్త పెద్దదైతే అవి లెక్క కావు. ఏది కొత్తది అన్నదే ప్రశ్న.

చనుమొన మీది గజ్జి గురించి ఒక హెచ్చరిక. దుకాణంలో అడిగి తెచ్చుకున్న మలాం నెలల తరబడి రాస్తారు. రెండు వారాల్లో మానకపోతే అది చర్మం జబ్బు అనుకుని కూర్చోవద్దు.

3. చేతితో

వెల్లకిలా పడుకుని, చూసే వైపు భుజం కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోండి. ఆ చేతిని తల కింద ఉంచండి. ఎదుటి చేతి నడిమి మూడు వేళ్లను చాపి, కొనలతో కాకుండా వేళ్ల మెత్తటి భాగంతో తడమాలి. రూపాయి బిళ్లంత చుట్టు తిప్పుతూ ఒకే చోట మూడుసార్లు: పైపైన, కాస్త నొక్కి, పక్కటెముక తగిలేదాకా నొక్కి. అక్కడి నుంచి వేలెడు జరగండి. మెడ ఎముక నుంచి రొమ్ము కింది గీత దాకా, రొమ్ముల నడుమ ఎముక నుంచి చంక దాకా, పొలంలో నాగలి సాళ్లు తీసినట్టు పైకీ కిందికీ వెళ్లాలి. చంకను చివర్లో, చెయ్యి కిందికి దించి, వదులుగా ఉంచి చూడాలి. చెయ్యి పైకెత్తితే చంక బిగిసి లోపలి బిళ్లలు చేతికి దొరకవు.

పడుకుని చేయడం కుదరకపోతే స్నానంలో సబ్బు చేత్తో చేసుకోండి. జారుడు చేతికి తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు ఇవి. రొమ్మును పిడికిట్లో పట్టుకుని పిసికితే ఎవరికైనా గడ్డ ఉన్నట్టే ఉంటుంది. రొమ్ము కింది అంచున అర్ధచంద్రంలా తగిలే గట్టి కట్ట మామూలుగా అందరికీ ఉండేదే. దాన్ని గడ్డ అనుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. పక్కటెముకను గడ్డ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అనుమానం వస్తే ఎదుటివైపు అదే చోట చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే సాధారణంగా అది మీ శరీరం తీరే. చంక వైపు పై భాగం మామూలుగానే గరుకుగా ఉంటుంది. క్యాన్సర్లు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. అందుకే అక్కడ ఇంకొంచెం సేపు చూడండి.

చనుమొన నుంచి ఏమైనా కారుతోందా అని రోజూ పిండి చూడకండి. పిండితే ఏదో ఒకటి వస్తుంది. పిండకుండానే, ఒక రొమ్ము నుంచే, నెత్తురు రంగుతోనో నీళ్లలాగానో బట్టకు మరక అంటితే అది చూపించుకోవలసింది.

4. తగిలింది. ఇప్పుడు?

మొట్టమొదట తేదీ రాయండి. ఏ వైపు, గడియారం ముఖంలా ఊహించుకుంటే ఎన్ని గంటల దగ్గర, ఎంత ఉంది (కందిగింజ, చింతగింజ, నిమ్మకాయ, ఏదైనా సరే), కదులుతోందా లేదా అన్నవి రాసి ఫైలులో పెట్టండి. నెల తరవాత డాక్టరు "ఎన్నాళ్లయింది?" అని అడిగినప్పుడు "మొన్న మధ్యనే" అన్న జవాబు ఎవరికీ పనికిరాదు.

గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. పాతికేళ్ల అమ్మాయికి గోళీకాయలా చేతికి దొరక్కుండా జారేది చాలావరకు ఫైబ్రోఎడినోమా అనే, క్యాన్సర్ కాని గడ్డ. నలభైల్లో హఠాత్తుగా పొంగి నొప్పెట్టేది నీటితిత్తి కావచ్చు. గట్టిగా, అంచులు లేకుండా, అతుక్కుని, నొప్పి లేకుండా ఉండేది అనుమానించాల్సింది. కానీ ఈ పోలికలన్నీ డాక్టరు చేతికే చాలాసార్లు మోసం చేస్తాయి. తడిమి తేల్చేయడం మీ పని కాదు, మీ అత్తగారి పని అసలే కాదు.

ముట్లు వస్తున్నవారు, వయసు తక్కువగా ఉండి గడ్డ మెత్తగా ఉంటే, ఒక్క ముట్టు గడిచేదాకా ఆగి మళ్లీ చూసుకోవచ్చు. ఒక్కటే. అప్పటికీ ఉంటే వెళ్లాలి. 35 దాటినవారు, గట్టి గడ్డ ఉన్నవారు, 2వ మెట్టులో చెప్పిన మార్పు ఏదైనా కనిపించినవారు ఆ నెల కూడా ఆగవద్దు.

పసరు కట్టు, వేడి కాపడం, ఆకుల పట్టీ, ఎవరో చెప్పిన చుక్కల మందు: వీటితో గడ్డ చిన్నదైనట్టు అనిపించినా అది వాపు తగ్గడమే అయి ఉండవచ్చు. వాటి మీద నమ్మకం ఉంటే ఉండనివ్వండి, బయాప్సీ అయ్యాక మాట్లాడుకుందాం.

పాలిచ్చే తల్లుల్లో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. ఏ గడ్డ వచ్చినా "పాలగడ్డ" అంటారు. చాలావరకు నిజమే. పాలు ముడిపడితే ఇచ్చాక కరుగుతుంది, చీము పడితే జ్వరం, ఎరుపు, నొప్పి ఉంటాయి, మందుకు తగ్గుతుంది. రెండు వారాల్లో తగ్గని పాలగడ్డకు స్కాన్ తీయించాలి. పాలిస్తూ అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, బయాప్సీ అన్నీ చేయించుకోవచ్చు.

5. ఎవరి దగ్గరికి?

సర్జన్ దగ్గరికి. ఇది తెలియక చాలామంది కాన్పుల డాక్టరమ్మ దగ్గరే రెండు నెలలు తిరుగుతారు. ఆమెకు చూపించడం తప్పు కాదు, ఆమె సర్జన్ దగ్గరికి పంపకుండా విటమిన్ మాత్రలిచ్చి పంపితే మాత్రం మీరే కదలాలి.

పల్లెలో ఉన్నవారు ఆశా కార్యకర్తతో మొదలుపెట్టవచ్చు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి వివరాలూ నింపే ఫారం ఆమె దగ్గర ఉంటుంది. అందులో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి నెత్తురు కారుతోందా, ఆకారం మారిందా అన్న ప్రశ్నలు ఉంటాయి. వాకిట్లో నిలబడి, మామగారు వింటుండగా అడిగితే ఎవరైనా "లేదు" అంటారు. లోపలికి పిలిచి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేయాలి. అది మీ హక్కు, అడిగి చేయించుకోండి.

చేతి పరీక్షేం పనికొస్తుందని చప్పరించేవాళ్లకు: ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు ఇరవై ఏళ్లపాటు లక్షన్నర మంది స్త్రీల మీద చేసిన అధ్యయనం ఉంది. రెండేళ్లకోసారి చేతితో పరీక్షించింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. జబ్బును ముదరకముందే పట్టుకోవడం మాత్రం పెరిగింది.

పెద్దాసుపత్రులు: హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్. జిల్లా బోధనాసుపత్రి సర్జరీ విభాగంలోనే స్కాన్, బయాప్సీ అయిపోవచ్చు. ముందు అక్కడ అడగండి.

6. స్కాన్: ఏది, ఎలా?

నలభై దాటినవారికి మామోగ్రామ్, దానితోపాటు అల్ట్రాసౌండ్. ముప్ఫై లోపు వారికి ముందు అల్ట్రాసౌండ్. నడిమి వయసులో డాక్టరు నిర్ణయిస్తారు. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. పాలలో ముత్యం వెతికినట్టు.

వెళ్లే రోజు పౌడరు, సెంటు, చంకల్లో పూసుకునేవి ఏవీ వద్దు. ముఖ్యంగా పసుపు, టాల్కం పౌడరు. పౌడరు రేణువులు ఫిల్ములో సున్నం చుక్కల్లా కనిపించి లేనిపోని అనుమానం పుట్టిస్తాయి. చీరో, రెండు ముక్కల దుస్తులో వేసుకోండి, పైభాగం మాత్రమే తీస్తే సరిపోతుంది. ఉపవాసం అక్కరలేదు. యంత్రం రెండు పలకల మధ్య రొమ్మును నొక్కుతుంది, కొన్ని సెకన్లు నొప్పిగా ఉంటుంది. ఒక్కో రొమ్ముకు రెండేసి, మొత్తం నాలుగు చిత్రాలు తీస్తారు. గడ్డ ఒకవైపే ఉన్నా రెండువైపులా తీయించాలి. తీసేవారు మహిళా టెక్నీషియనేనా అని ముందే ఫోను చేసి కనుక్కోండి. ఈ ఒక్క సంగతి తెలియక కొందరు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు.

ప్రత్యామ్నాయాల పేరుతో అమ్ముతున్నవాటి మాట. రొమ్ము వేడిని ఫొటో తీసే పరీక్ష మామోగ్రామ్‌కు బదులు కాదు. హెల్త్ ప్యాకేజీల్లో ఇచ్చే సీఏ 15-3 రక్తపరీక్ష తొలిదశ క్యాన్సర్‌ను పట్టుకోవడానికి పనికిరాదు. అది మామూలుగా ఉందని గడ్డను వదిలేసినవాళ్లున్నారు. బయాప్సీ కాకముందే ఒళ్లంతా తీసే పెట్ స్కాన్ రాస్తే ఎందుకో అడగండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇది: చేతికి గడ్డ తగులుతోంది, మామోగ్రామ్ మామూలుగా ఉంది, "హమ్మయ్య" అని ఇంటికి వెళ్లిపోవడం. మామోగ్రామ్‌కు కనిపించని క్యాన్సర్లు ఉంటాయి. చేతికి తగిలినదానికి జవాబు దొరికేదాకా పని అయినట్టు కాదు.

7. రిపోర్టులో బైరాడ్స్ అంకె

స్కాన్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. ఇది క్యాన్సర్ దశ కాదు. "నాలుగు అని రాశారు, నాలుగో దశట" అని ఏడుస్తూ వచ్చినవారి కన్నీళ్లు తుడిచాను. అంకెల అర్థం:

0 – ఇంకో చిత్రమో, పాత ఫిల్ములతో పోలికో కావాలి. పని పూర్తి కాలేదు.
1, 2 – అనుమానించేదేమీ లేదు.
3 – క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు లోపే. ఆరు నెలలకు మళ్లీ స్కాన్.
4 – బయాప్సీ కావాలి. ఇందులో క్యాన్సర్ కానివీ చాలా ఉంటాయి.
5 – క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 95 కన్నా ఎక్కువ. బయాప్సీ వెంటనే.
6 – బయాప్సీలో ఇప్పటికే తేలింది.

3 వచ్చినవారు ఇంట్లో క్యాలెండరు తీసి ఆరో నెల మీద గుండ్రం చుట్టండి. మన దగ్గర 3 అంటే "ఏమీ లేదు" అని అర్థమైపోయింది.

8. బయాప్సీ

ఇక్కడ తొందరపడకుండా చదవండి.

మొదటి నియమం: సూదితో ముక్క తీసి పరీక్షించాకే ఆపరేషన్. "చిన్న గడ్డే కదా, పావుగంటలో తీసేస్తాను, తరవాత చూద్దాం" అన్న మాటకు తల ఊపకండి. అది క్యాన్సర్ అయితే గడ్డతోపాటు చుట్టూ ఎంత తీయాలి, చంకలో ఏమి చేయాలి, ముందు కీమో ఇవ్వాలా అన్న లెక్కలన్నీ చెడిపోతాయి. చాలామందికి రెండో ఆపరేషన్ తప్పదు.

రెండోది: తీసినదేదైనా పారేయకూడదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒకామె ఖాళీ టానిక్ సీసాను పట్టుసంచిలో పెట్టుకుని వచ్చింది. ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో గడ్డ తీసి, సీసాలో సెలైన్ పోసి ఇచ్చారట, "పెద్దాసుపత్రిలో చూపించుకో" అని. మధ్యలో పండగ వచ్చింది. పదకొండు రోజులు ఆ సీసా వాళ్ల వంటింటి గూట్లో ఉంది. మూత తీసిన క్షణంలోనే ల్యాబ్ కుర్రాడు నా ముఖం చూశాడు. కుళ్లిన ముక్కలో కణాల ఆకారం మిగలదు. తీసిన ముక్క గంటలోపే ఫార్మలిన్‌లో, అంటే ముక్క చెడకుండా ఉంచే మందునీళ్లలో పడాలి. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. సెలైన్, స్పిరిట్, నీళ్లు కావు. "ఫార్మలిన్‌లో వేశారా?" అని అడగడానికి డిగ్రీ అక్కరలేదు. సీసా మీద పేరు, వయసు, కుడా ఎడమా, తేదీ రాసి ఉన్నాయో లేదో అక్కడే చదవండి.

మూడోది: ఏ సూది? సన్న సూదితో కణాలు పీల్చే పరీక్షను ఎఫ్ఎన్ఏసీ అంటారు. త్వరగా, చౌకగా అవుతుంది. కానీ చికిత్సకు కావలసిన వివరాలన్నీ సాధారణంగా అందులో రావు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావు సూదితో అగ్గిపుల్ల లావున పొడవాటి ముక్కలు నాలుగైదు తీసే కోర్ బయాప్సీ కావాలని అడగండి. టప్పుమని చప్పుడు వస్తుంది, ఉలిక్కిపడతారు, అంతే. ఆరోజే ఇంటికి పంపిస్తారు. కాసేపు గట్టిగా అదిమి పట్టుకోవాలి, కమిలి నీలం రంగు రావచ్చు. నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

సూది గుచ్చితే పాకుతుందా? పాకదు. ప్రపంచమంతా ఇలాగే చేస్తారు. ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు: ముదిరాక వచ్చినవారికి సూది పరీక్ష చేస్తారు, నాలుగు నెలలకు ఆమె పోతుంది, ఊరు సూదిని తలుచుకుంటుంది.

9. రిపోర్టు చేతికొచ్చాక సరిచూసుకోండి

పేరు, వయసు, వైపు సరిగా ఉన్నాయా? కుడికి బదులు ఎడమ అని పడితే అక్కడికక్కడే దిద్దించండి.

కార్సినోమా అన్న మాట ఉంటే క్యాన్సర్. ఫైబ్రోఎడినోమా అంటే కాదు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అంటే క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌లా కనిపించే వాపు. క్షయ వల్ల అవునా కాదా అన్నది విడిగా చూడాలి.

క్యాన్సర్ అని తేలితే, ఏ మందులు పనిచేస్తాయో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు పరీక్షల ఫలితం కూడా ఉండాలి. లేకపోతే అదే ముక్క మీద చేయించమని అడగండి, మళ్లీ గుచ్చనక్కరలేదు. హెర్2 దగ్గర 2+ అని ఉంటే తేలలేదని అర్థం. ఫిష్ అనే మరో పరీక్ష కావాలి. ఈ మూడింటి ఫలితంలో పాజిటివ్, నెగటివ్ అన్న మాటలు మనుషులను బాగా తికమక పెడతాయి. ఒక చదువుకున్న అబ్బాయి తల్లి రిపోర్టు చేత్తో ఊపుతూ "మూడూ నెగటివే సిస్టర్, ఏమీ లేదు" అని నవ్వుతూ వచ్చాడు. మూడూ నెగటివ్ అంటే క్యాన్సర్ లేదని కాదు. అది వేరే మందులు కోరే, త్వరపడాల్సిన రకం. అతన్ని కూర్చోబెట్టి పై లైనులోని కార్సినోమా అన్న మాట చదివించాను.

ఇంకో సరిచూపు, దీన్ని డాక్టర్లు కూడా కొన్నిసార్లు వదిలేస్తారు. చేతి పరీక్ష, స్కాన్, బయాప్సీ: మూడూ ఒకే మాట చెప్పాలి. స్కాన్‌లో 5 అని రాసి, బయాప్సీలో "ప్రమాదం లేని మార్పులు" అని వస్తే సంతోషించకండి. సూది గడ్డ పక్కన దిగి ఉండవచ్చు. "రెండూ కలవడం లేదు, మళ్లీ తీయాలా?" అని అడగండి.

రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ల్యాబ్‌లో మీ ముక్కను పొదిగిన మైనపు బ్లాకులు, గాజు స్లైడ్లు ఉంటాయి. ఆసుపత్రి మారాలంటే అవే అడుగుతారు. రసీదు రాసిచ్చి తీసుకోండి, ఫైలులో పెట్టి బస్సు కిటికీ పక్క ఎండలో ఉంచకండి, మైనం కరుగుతుంది.

10. డబ్బు, తేదీలు

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ చేయించుకోవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా పది లక్షల దాకా పరిమితి ఉంది. ఆసుపత్రిలో పథకం డెస్కు దగ్గరి ఉద్యోగిని మొదటిరోజే కలవండి. అనుమతికి బయాప్సీ రిపోర్టు అడుగుతారు. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు తేడాగా ఉంటే గడ్డ తగిలిన వారమే మీసేవలోనో సచివాలయంలోనో దిద్దించుకోండి. ఇంటిపేరు పుట్టింటిదొకచోట, అత్తింటిదొకచోట ఉండి వారం రోజులు ఆగిపోయిన ఆపరేషన్లు నాకు గుర్తున్నాయి.

ఆసుపత్రి మెట్లెక్కిన రోజు నుంచి 60 రోజుల్లోపు జబ్బు ఏమిటో తేలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. మీరు అంత ఆగనక్కరలేదు. చేతి పరీక్ష, స్కాన్, బయాప్సీ మూడూ రెండు మూడు వారాల్లో అయిపోయే పనులు. ఫైలు అట్ట లోపల మొదటి తేదీ పక్కన మూడు వారాల తరవాతి తేదీ కూడా రాసుకోండి. ఆ రోజుకు చేతిలో బయాప్సీ రిపోర్టు లేకపోతే ఎక్కడ ఆగిందో చూడండి. స్కాన్ తేదీ ఇవ్వలేదా? ఇంకో చోట తీయించండి. రిపోర్టు రాలేదా? ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడండి. పొలం పనులు, పిల్ల పరీక్షలు, మరిది పెళ్లి అయ్యాక వెళదామనుకున్నారా? మీ తోడుకు ఫైలు ఇచ్చేసి, రేపు పొద్దున బస్సు ఎన్నింటికో ఆమెనే కనుక్కోమనండి.

గడ్డ ఏమీ లేనివాళ్లు

ముప్ఫై దాటాక ఊళ్లో జరిగే చేతి పరీక్షకు వెళ్లండి. నలభై దాటి, స్తోమత ఉంటే ఒకటి రెండేళ్లకోసారి మామోగ్రామ్. అమెరికాలో ఉన్న కూతురు "అమ్మా, ఇక్కడ నలభై దాటగానే అందరికీ తీస్తారు" అని ఫోనులో చెబుతుంది, నిజమే. మనకు అలాంటి జాతీయ కార్యక్రమం లేదు. యంత్రాలూ, వాటిని చదివే రేడియాలజిస్టులూ అంతమంది లేరు. కాబట్టి ఎవరూ పిలవరు, మనమే వెళ్లాలి. తల్లికో అక్కకో వచ్చినవారు ఆమెకు వచ్చిన వయసు కన్నా పదేళ్లు ముందు నుంచే మొదలుపెట్టండి: అమ్మకు 45లో వస్తే మీకు 35 నుంచి. ఇద్దరు ముగ్గురికి వచ్చిన కుటుంబాలు, చిన్న వయసులో వచ్చినవారు, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్న కుటుంబాలు వంశపారంపర్య ముప్పును చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి క్యాన్సర్ ఆసుపత్రిలో అడగాలి. ముందుగా ఆ పరీక్ష చేయించాల్సింది జబ్బు వచ్చిన మనిషికి, ఆరోగ్యంగా ఉన్న మీకు కాదు.